చపాతీ కర్ర సెల్లులు

ఉప్పల్‌లో మొగిలయ్య మామ ఇంటి పైగదిలో నేను మూడేళ్లు కిరాయికి ఉన్నాను. అందులో రెండేళ్ల తొమ్మిది నెలలు ఎలా గడిచాయని అడిగితే చెప్పలేను. పొద్దున్నే లేచాను, నాచారం పోయాను, లేతు మిషిను మీద ఇత్తడి వాల్వులు కోశాను, సాయంత్రం వచ్చి ఇంత వండుకు తిని పడుకున్నాను. మిగిలిన మూడు నెలలు మాత్రం వారం వారం ఒప్పజెప్పగలను. అదొక ఎండాకాలం. ఆ ఎండాకాలమంతా నేను ఒక చిన్న ఉక్కు రింగును ఇంటికి తేవడం మరిచిపోయినట్టు నటించాను.

మామ అన్నానని చుట్టరికం అనుకోవద్దు. ఆ గల్లీ మొత్తం ఆయన్ని మామా అనే పిలుస్తుంది. షుగరు వచ్చి కళ్లు తీసుకుపోయింది ఆయనకి. పగలైతే వెలుగు మాత్రం తెలుస్తుంది, మనిషి తెలియడు. చేతిలో ఎప్పుడూ ఒక పాత రేడియో. వాకిట్లోకి వస్తే వాకిట్లోకి, మంచం మీదికి పోతే మంచం మీదికి. కరెంటు తీగ పెట్టే చోటు ఎప్పుడో కాలిపోయింది కాబట్టి సెల్లుల మీదే నడవాలి. ఫోన్లో అన్నీ వస్తాయి మామా అని ఎవరైనా అంటే, "నున్నటి అద్దం ముక్క అది, దాంట్ల ఏడ ఒత్తాలె నేను" అనేవాడు. రేడియో అయితే బొడిపె తిప్పితే చాలు, వేలికి తెలుస్తుంది.

ఆయన భూమి పోయి పాతికేళ్లయింది. తన వరి పండిన చోట ఇప్పుడు ఎవరెవరివో కార్లు నిలబడతాయి. అయినా సాయంత్రం రైతుల కార్యక్రమం వచ్చే వేళకి ఎక్కడున్నా వచ్చి కూచోవలసిందే. నారు ఎన్ని రోజులకి పీకాలి, మొగిపురుగుకి ఏ మందు కొట్టాలి అన్నీ శ్రద్ధగా విని, "ఉత్త మాట, ఎన్నడన్న మడిల దిగినవా నువ్వు" అని రేడియోలో మనిషితో కొట్లాటకి దిగేవాడు. రోజులో ఆయనకి కోపం వచ్చేదీ, నవ్వు వచ్చేదీ ఆ అరగంటే.

ఉగాది వెళ్లిన వారానికి ఆ రేడియో ఆగిపోయింది.

"దయాకర్, జర కిందికి రా బేటా. దీని గొంతు కూసున్నది" అని కింద నుంచి కేకేశాడు.

వెళ్లి వెనక మూత తీసి చూస్తే మూడు పెద్ద సెల్లులు ఒకదాని వెనక ఒకటి, మూడూ కారిపోయి తెల్లగా ఉప్పు పూసి ఉన్నాయి.

"సెల్లులు ఖతమైనయి మామా."

"మొన్ననే గద ఏసింది."

"గవి దుకాన్ల ఎన్నేండ్లు పడున్నయో" అంది లోపలి నుంచి హిమజ. "నిన్న మూడు దుకాన్లు తిరిగిన. పెద్ద సెల్లులు ఎవ్వలు పెడ్తలేరంట. సన్నయే ఉన్నయంటున్నరు."

హిమజ ఆయన బిడ్డ. ముప్పై మూడేళ్లు ఉంటాయి. నాచారంలోనే ఒక మందుల కంపెనీలో గోళీల ప్యాకింగ్‌లో పని. మొగుడితో తెగదెంపులై, రెండేళ్ల కింద కోర్టు కాగితంతో తండ్రి దగ్గరికి వచ్చేసింది. ఆ కంపెనీలో లోపలికి పోవాలంటే గాజులు, బొట్టు, పూలు ఏవీ ఉండకూడదు. ఆరు రోజులూ బోసి చేతులతో, నెత్తికి పెట్టుకున్న టోపీ అచ్చు నుదుటి మీద పడి ఇంటికి వచ్చేది. ఆదివారం మాత్రం మట్టిగాజులు వేసుకునేది. పైన నా గదిలో కూచుంటే కింద గిన్నెల చప్పుడులో ఆ గాజుల చప్పుడు విడిగా వినిపించేది. నాకు ఆదివారం అంటే అదే. ముప్పై ఆరేళ్ల మనిషిని, ఒక ఆడమనిషి గాజుల చప్పుడు కోసం పొయ్యి మీద కూర మాడబెట్టుకున్నాను అంటే నవ్వుతారు. నవ్వండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆమె గ్యాస్ తెచ్చేవాణ్ణి అన్నా అంటుంది, ఆటోవాణ్ణి అన్నా అంటుంది, పక్కింట్లో కిరాయికి ఉండే కుర్రవాణ్ణి చిన్నవాడైనా అన్నా అంటుంది. నన్ను మాత్రం ఏమీ అనదు. పిలవవలసి వస్తే "ఇగో" అంటుంది, లేకపోతే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. అందులో నాకేదో ఉందనిపించేది. ఏమీ లేకపోవచ్చు కూడా. ఆశపడ్డవాడికి గడ్డిపోచ దొరికినా చాలు.

"పెద్ద సెల్లులు లేకపోతే ఏమాయె" అన్నాను ఆ రోజు. "ఒక్క అసలు సెల్లు ఏసి, మిగతా రెండు ఉత్తయి పెడ్త."

"ఉత్తయి అంటె?" అన్నాడు మామ.

నా దగ్గర చిన్న పవర్ బ్యాంకు ఉండేది, ఫోను ఛార్జింగ్ పెట్టుకునేది. దాని మూత తిప్పితే లోపల ఒకే ఒక్క సెల్లు, జారి చేతిలోకి వస్తుంది. సన్నగా ఉంటుంది గానీ, ఆ రేడియో మూడు సెల్లుల బలం దాదాపు దాంట్లోనే ఉంటుంది. అట్టముక్క చుట్టి లావు చేస్తే సరిపోతుంది. మిగిలిన రెండు చోట్లా డమ్మీలు పెట్టాలి. వాటిలో ఏమీ ఉండదు. ఇటు వచ్చిన కరెంటును అటు పంపుతాయి, ఖాళీ జాగా నింపుతాయి, అంతే. ఇదంతా మామకి చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించి, "సమజైంది" అన్నాడు. "మా అప్పటి పంచాయితిల మెంబర్ల లెక్క. కూసుంటరు, సర్పంచ్ చెప్పింది ఇటుకెల్లి అటు పంపుతరు."

డమ్మీలు చెయ్యడం మాటలంత సులువు కాలేదు. మొదట పెళ్లిపత్రికల అట్ట చుట్టి, రెండు చివర్లా చాక్లెట్ రేకు కప్పి పెట్టాను. మూడో రోజుకి నలిగి చతికిలబడింది. నల్లా గొట్టం ముక్కలు కోసి చూశాను, లావు కుదరలేదు. హిమజ గడపలో కూచుని మామిడికాయలు తుడుస్తూ ఇదంతా చూస్తోంది. లేచి లోపలికి వెళ్లి ఒక చపాతీ కర్ర తెచ్చింది.

"ఇది పనికొస్తదా?"

కొలిచి చూశాను. సరిగ్గా పెద్ద సెల్లు లావు, వెంట్రుకవాసి తేడా లేదు. టేకు కర్ర, నున్నగా ఉంది, పిండి అంటిన గుర్తులు కూడా పెద్దగా లేవు.

"మంచిగుంది గద. ఎందుకు కొయ్యడం?"

"ఆ ఇంట్లకెల్లి తెచ్చుకున్నయిల ఇదొక్కటే మిగిలింది. రెండేండ్లసంది పెట్టె అడుగున ఉంది. దీంతోని నేను ఇంక చపాతీలు చెయ్య. కోసెయ్యి."

అలా అని ఊరుకోలేదు. మెట్టు మీద కర్రని అడ్డంగా పెట్టి, కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. నేను రంపంతో కోశాను. కర్రపొట్టు ఆమె పాదాల మీద పడింది, దులుపుకోలేదు. పవర్ బ్యాంకు సెల్లు పెద్ద సెల్లు కంటే మూడున్నర మిల్లీమీటర్లు పొడుగు కాబట్టి, ఆ మేరకు ముక్కల్ని కొంచెం పొట్టిగా కోసి, నడుమ బెజ్జం వేసి, బోల్టు దూర్చి, రెండు వైపులా వాషర్లు పెట్టి నట్టు బిగించాను. మూడిటినీ వరసగా పెట్టి మూత వెయ్యగానే రేడియోలో ఎవరో పెసర చేను గురించి మాట్లాడుతున్నారు. మామ రెండు చేతులతో దాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, చంటిపిల్లను చూసినట్టు నవ్వాడు. హిమజ నన్ను చూసి నవ్వింది. మిగిలిన కర్ర పిడి ముక్కలు ఆమె పొయ్యిలో పెట్టింది.

పది రోజులకి మళ్లీ ఆగింది.

ఎందుకు ఆగిందో మూత తియ్యగానే తెలిసింది. ఏప్రిల్ ఎండకి కర్ర ఎండి కుంచించుకుంది. కర్ర కుంచించుకుంటే నట్టు వదులవుతుంది, బోల్టు లోపల ఆడుతుంది, తాకీ తాకక గొంతు పోతుంది. పానాతో ఒకటిన్నర చుట్టు తిప్పాను, మాట్లాడింది. దీనికి మందు ఏమిటో లేతు మీద పని నేర్చుకునే మొదటి వారంలోనే తెలుస్తుంది. ఒకచోట తెగి, కొంచెం మెలి తిరిగి ఉండే ఉక్కు రింగు, స్ప్రింగ్ వాషర్ అంటాం. నట్టు కింద అదొకటి వేస్తే, కర్ర ఎంత ఎండినా అది తన్నిపెట్టి ఉంచుతుంది. మా ఫ్యాక్టరీలో అవి డబ్బాల కొద్దీ ఉంటాయి. రెండు జేబులో వేసుకొస్తే అడిగేవాడు లేడు.

"ఒక రింగు ఎయ్యాలె మామా. రేపు తెస్త" అన్నాను.

రేపు తేలేదు. ఎల్లుండీ తేలేదు. ఆదివారం మళ్లీ గొంతు కూచుంది, మళ్లీ నన్ను పిలిచారు. సెల్లు పైకి తీసుకుపోయి ఛార్జింగ్ పెట్టి తెచ్చేసరికి చాయ్ తయారుగా ఉంది. నట్టు బిగించేసరికి ఇంకో చాయ్. అప్పుడర్థమైంది నాకు, ఆ రింగు నేను తేబోవడం లేదని.

ఏప్రిల్ సగం నుంచి మే నెలాఖరు దాకా అలాగే నడిచింది. ఆదివారం పొద్దున పది గంటలకి కింద అరుగు మీద రేడియో విప్పుకుని కూచునేవాణ్ణి. రెండు నిమిషాల పనిని గంటన్నర చేసేవాణ్ణి. హిమజ బియ్యం చెరుగుతూ ఎదురుగా కూచునేది.

"లేతు మీద పని అంటె దినమంత నిలవడుడేనా?" అని అడిగింది ఒకసారి.

"నిలవడుడే. కడ్డీ తిరుగుతుంటది, మనం సూస్తుంటం. కన్ను పక్కకు పోతె పని ఖరాబు."

"మాది గట్లనే. రోజుకు లక్ష గోళీలు నా ముంగటికెల్లి పోతయి. ఒక్కొక్కసారి అనిపిస్తది, ఇది ఎవ్వల రోగానికో, ఏ ఊర్ల ఎవ్వలు మింగుతరో అని." చాటలో బియ్యాన్ని ఒక్క ఊపు ఊపి, "మా కాడ పక్క మనిషితోని మాట్లాడొద్దు. మూతికి గుడ్డ కట్టుకోని ఎనిమిది గంటలు. ఆదివారం వస్తెనే నా గొంతు నాకు ఇనవడ్తది" అంది.

నాకు కూడా ఆదివారమే వినిపిస్తుంది అని చెబుదామనుకున్నాను. పానా తిప్పుతూ కూచున్నాను.

ఇంకో ఆదివారం మామిడికాయ తొక్కు చిన్న సీసాలో పెట్టి ఇచ్చింది. ఆ సీసాని నేను నెల రోజులు పొదుపుగా తిన్నాను. ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ లావాదేవీ అయిపోతుందని, కడిగి నా గూట్లోనే పెట్టుకున్నాను.

మే మధ్యలో మా సేఠ్ అందరినీ మిషిన్ల దగ్గర నిలబెట్టి, జూన్ నెలాఖరుకి యూనిట్ జహీరాబాద్ దిక్కు మారుతోందని చెప్పాడు. అక్కడ షెడ్డు కట్టడం అయిపోయింది. వచ్చేవాళ్లు రావచ్చు, రానివాళ్లకి లెక్క చూసి పంపిస్తారు. నాచారంలో ఇలాంటివి కొత్త కాదు, మా పక్క షెడ్డు పోయిన ఏడే పోయింది. పద్నాలుగేళ్లుగా నిలబడ్డ లేతు అది. దాన్ని వదిలేసి వేరే చోట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. వస్తానని చెప్పాను.

ఇంట్లో చెప్పడానికి మాత్రం రెండు వారాలు పట్టింది. ఒక సాయంత్రం మామ పక్కన కూచుని చెప్పాను. ఆయన రేడియో బొడిపె తిప్పి గొంతు తగ్గించాడు. హిమజ కుండలోంచి నీళ్లు ముంచుతోంది. ముంచిన నీళ్లను మళ్లీ కుండలోనే పోసింది.

"మరి రేడియో?" అంది.

అంతే అడిగింది. నేను కూడా రేడియోకే జవాబు చెప్పాను.

"ఏర్పాటు చేసే పోత."

ఆ రాత్రి నా మీద నాకే సిగ్గేసింది. వెళ్లిపోయేవాణ్ణి, గుడ్డి మనిషి రేడియోకి మరమ్మతు బాకీ పెట్టి పోతానా అనుకుని, మర్నాడే రెండు స్ప్రింగ్ వాషర్లు తెచ్చి, రెండు డమ్మీలకీ వేసి గట్టిగా బిగించాను. ఇక ఆదివారం నన్ను పిలవనక్కర లేదు.

ఆదివారం పిలిచారు.

"మల్ల బంద్ వడ్డది బేటా" అన్నాడు మామ.

విప్పి చూస్తే ఒక డమ్మీకి నట్టు వదులుగా ఉంది. నట్టు కింద రింగు లేదు. ఎక్కడో పడిపోవడానికి అది చొక్కా గుండీ కాదు. నట్టు మొత్తం విప్పితే తప్ప బయటికి రాదు. ఎవరో కావాలని విప్పి, తీసి, మళ్లీ పెట్టారు. నాకు చెవులు వేడెక్కాయి. తలెత్తి చూస్తే హిమజ నాకు చాయ్ గ్లాసు అందిస్తోంది, గాజులు జారి మణికట్టు దగ్గర ఆగాయి. నట్టు బిగించి, చాయ్ తాగి, మీదికి వచ్చేశాను.

ఆ నాలుగు రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు. నేను రింగు తేకపోవడానికి ఏం కారణమో, ఆమె రింగు తియ్యడానికీ అదే కారణం కదా అనుకున్నాను. లేతు మీద తిరిగే కడ్డీని చూస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటే, పక్క మిషిను రామస్వామి, "ఏందిరా దయాకర్, జహీరాబాద్‌ల ఏమన్న లంకెబిందెలు ఉన్నయా" అని అడిగాడు. రేపు అడుగుతాను, ఎల్లుండి అడుగుతాను అని మాటలు పేర్చుకున్నాను.

గురువారం కరెంటు పోయి మా ఫ్యాక్టరీ పొద్దున్నే మూసేశారు. మధ్యాహ్నం కిందికి దిగాను. హిమజ డ్యూటీలో ఉంది. మామ అంగీ విప్పేసి, పంచె మాత్రం కట్టుకుని, వాకిట్లో నవారు మంచం మీద పడుకున్నాడు. ఆయన మొలతాడుకి బీరువా తాళంచెవి ఉంటుంది, చెవిలో గుబిలి తీసుకునే పుల్ల ఉంటుంది. ఆ రెండిటి నడుమ, ఒకచోట తెగి మెలి తిరిగిన ఉక్కు రింగు ఒకటి వేలాడుతోంది.

అడుగు వెయ్యలేక అక్కడే నిలబడ్డాను. మామ తల ఇటు తిప్పాడు.

"ఎవలు? దయాకరేనా? నడక ఆగింది ఏంది?"

ఆయన చెయ్యి మొలతాడు మీదికి పోయింది. రింగును వేళ్ల మధ్య తిప్పుతూ లేచి కూచున్నాడు.

"దొరికిపోయిన" అన్నాడు. "కూసో. దీన్ని తీస్తందుకు నాకు రెండు దినాలు వట్టింది. పటకార పెట్టి తిప్పితె వేలు తోలు లేసిపోయింది."

"ఎందుకు మామా?"

"ఎందుకా? ఆరు వారాలు నువ్వు ఎందుకు తేలే? లేతు మీద పనిజేసెటోనికి ఒక్క రింగు దొరకదా?" నవ్వాడు. "నాకు కండ్లు లేవు గని, చేతులున్నయి, చెవులున్నయి. రొండు నిమిషాల పనిని నువ్వు ఎంతసేపు జేస్తున్నవో ఇనవడదా?"

నేను తల దించుకున్నాను. ఆయనకి కనిపించదని తెలిసీ దించుకున్నాను.

"మాది మీది కులం ఒకటి గాదు మామా" అన్నాను చివరికి.

"నా బిడ్డను కులం సూసే ఇచ్చిన. ఏమాయె?"

ఎండకి పక్కింటి రేకులు టకటకమంటున్నాయి.

"హిమజకు... ఇష్టమేనా?"

"అది నాకెట్ల ఎరుక? మనుసుల ఉన్నది చేతికి తగుల్తదా?" అన్నాడు ఆయన. "దాన్ని అడుగు. ఎల్లిపోయేటోనివి, అడిగి పో. అడగకుంటె అది మాత్రం ఎట్ల జెప్తది? ఒకసారి దెబ్బతిన్న పిల్ల. ముంగటవడి చెప్పదు."

అడుగుతానని చెప్పాను. కానీ నా ధైర్యం సగం అక్కడే పోయింది. ఆ రింగు తీసింది ఆమె అనుకున్న నాలుగు రోజులూ నేను మొనగాణ్ణి. తీసింది ముసలాయన అని తెలిశాక మళ్లీ పాత దయాకర్‌నే. ఆమె మనసులో ఏముందో నాకు మొదటి రోజు ఎంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు. అడిగి, ఆమె కాదంటే? ఆ అరుగు, ఆ చాయ్, ఆ ఆదివారాలు, ఇంతవరకు జరిగినవి కూడా చెడిపోతాయి. దూరంగా ఉండి తలుచుకోవడానికైనా మిగలవు. అలా అనుకుని అనుకుని జూన్ నెలని చేతులారా ఖర్చు చేశాను.

నాచారంలో ఆఖరి రోజు, మిషిన్ల కాళ్ల బోల్టులు విప్పడానికి మనుషులు వచ్చే ముందు, ఒక ఇత్తడి కడ్డీ ముక్క లేతుకి బిగించాను. రెండు డమ్మీలు కోశాను. కర్ర లేదు, నట్టు లేదు, రింగు లేదు, ఒక్క ముక్క ఇత్తడి. మామ చేతికి బరువు తేడా తెలియకుండా, నడుం దగ్గర లోపలికి కోసి, పాత పెద్ద సెల్లంత బరువుకి తెచ్చాను. చూడ్డానికి డమరుకాల్లా వచ్చాయి. పద్నాలుగేళ్లలో ఆ లేతు మీద నేను చేసిన మంచి పని అదే. చేస్తున్నంతసేపూ దుఃఖంగానే ఉంది.

సాయంత్రం హిమజ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూచుంది. నుదుటి మీద టోపీ అచ్చు ఇంకా పోలేదు. మామ కావాలనే కాబోలు, గల్లీ చివరి దాకా పోయొస్తానని కర్ర పట్టుకుని లేచాడు. పవర్ బ్యాంకు ఆమె చేతిలో పెట్టి, సెల్లు ఎలా తియ్యాలో, ఎలా ఛార్జింగ్ పెట్టాలో చూపించాను. ఒక్కసారికే నేర్చుకుంది. తర్వాత కర్ర డమ్మీలు తీసి, ఇత్తడివి పెట్టబోతూ ఆమె చేతికిచ్చాను. రెండు అరచేతుల్లో పెట్టుకుని బరువు చూసింది.

"మస్తున్నయి" అంది. "బంగారం లెక్క."

"ఇగ ఇవి ఖరాబు గావు."

"ఎన్నడన్న?"

"ఎన్నడు గావు. ఎవ్వల్ని పిలిచే పని లేదు."

ఆమె నా వైపు చూసింది. నేను అడగడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నా గొంతులో మాట ఉంది. నేను రేడియో మూత బిగించాను.

"అట్లనా" అంది ఆమె. లేచి నిలబడింది. నేను జేబులో వేసుకోబోతున్న కర్ర ముక్కల్ని చూసి చెయ్యి చాచింది. "అవి ఇటియ్యి. నా కర్రవి."

"ఇంక పనికిరావు గద."

"ఉండనియ్యి" అని తీసుకుని లోపలికి వెళ్లింది. పాత కర్ర ముక్కలు ఆమెకి ఎందుకా అని నేను ఆలోచించనైనా ఆలోచించలేదు. రెండో రోజు తెల్లవారి మొదటి వాన పడుతుంటే, నా పెట్టే, మంచం ఫ్యాక్టరీ లారీలోనే ఎక్కించుకుని వెళ్లిపోయాను. హిమజ అప్పటికే డ్యూటీకి పోయింది. మామ తలుపు దగ్గర నిలబడి నా మొహం తడిమి, "అడగలే గదా" అన్నాడు.

జహీరాబాద్ దిక్కు షెడ్డు విశాలంగా ఉంది. గాలి బాగా వస్తుంది, చుట్టూ కంది చేలు. అందరూ బాగుందనే అన్నారు. నాకు ఆదివారం వస్తే భయంగా ఉండేది. గదిలో ఎటు తిరిగినా చప్పుడు లేదు. పక్క పోర్షన్‌లో ఒక ముసలావిడ గిన్నెలు తోముతుంటే, గాజులు వినిపిస్తాయేమోనని నిలబడి వినేవాణ్ణి. ఆవిడ చేతికి గాజులు లేవు. తొక్కు సీసా మూత తీస్తే కొంచెం వాసన ఇంకా ఉంది. రోజుకొకసారి తీసి, వాసన అయిపోతుందని వెంటనే మూసేవాణ్ణి. ఫోన్లో ఆమె నంబరు ఉంది. తీసి చూసుకునేవాణ్ణి, చేసి ఏమని మాట్లాడాలి? రేడియో బాగుందా అనా? బాగానే ఉంటుంది. అది చెడిపోకుండా చేసింది నేనే కదా.

బోనాల నెల మొదలయ్యింది. ఒక బుధవారం, షిఫ్టు దిగి గదికి నడుస్తుంటే సాయంత్రం ఏడింటికి ఫోను మోగింది. హిమజ.

"దయాకర్" అంది. నా పేరు ఆమె నోట వినడం అదే మొదలు. "రేడియో బంద్ వడ్డది."

రోడ్డు పక్కన ఆగిపోయాను.

"ఛార్జింగ్ ఉందా?" అన్నాను.

"నిన్ననే పెట్టిన."

"మూత సరిగ్గ పడ్డదా? లోపల స్ప్రింగు కాడ ఉప్పు గిట్ల పట్టిందా?"

"అన్ని సూసిన. గవి గాదు. నువ్వు చేసిన డమ్మీలే ఖరాబైనయి."

అటు వైపు నుంచి ఆమె ఊపిరి వినిపిస్తోంది. దాని వెనక ఎవరో నాట్లు ఆలస్యమైతే మొక్కకీ మొక్కకీ ఎంత దూరం ఉండాలో వివరంగా చెబుతున్నారు. "ఉత్త మాట" అన్నాడు మామ. వెంటనే ఆ నాట్ల మనిషి గొంతు తగ్గిపోయింది.

"అవి ఒక్క ముక్క ఇత్తడి హిమజా" అన్నాను. "అవి ఖరాబు గావు."

"నాకెరుకే" అంది. "ఎన్నడు ఖరాబు గావు, ఎవ్వల్ని పిలిచే పని లేదు అని నువ్వే జెప్పినవ్. ఎవలన్న గట్ల చెప్పి పోతరా? ఆ కర్రయే నయముండె. వారానికొకసారన్న వదులయ్యేటియి."

కంది చేల మీంచి వాన వస్తోంది. నా జీవితంలో నేను ఆలస్యం చెయ్యకుండా చెప్పిన మాట అదొక్కటే.

"ఆదివారం వస్త. నిన్నొక మాట అడిగేదుంది."

గాజుల చప్పుడు వినిపించింది. బుధవారం అది, డ్యూటీ నుంచి వచ్చి వేసుకుందన్న మాట.

"రా" అంది. "పానా గిట్ల తేకు."

శనివారం షిఫ్టు దిగి, చేతులూపుకుంటూ బస్సెక్కాను.